చికాగో చలికాలం: కిటికీలు మార్చేముందు మీ ఇంట్లో చూడాల్సినవి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. చికాగో సబర్బ్ నేపర్‌విల్‌లో 1978లో కట్టిన రెండంతస్తుల ఇల్లు కొన్నారు, 2200 చదరపు అడుగులు. ఇదే మొదటి చలికాలం. జనవరిలో 210 థర్ముల (గ్యాస్ బిల్లులో వేడిని కొలిచే యూనిట్) గ్యాస్ కాలింది, బిల్లు 245 డాలర్లు. కొన్నాక వచ్చిన జూలై బిల్లులో 22 థర్ములే. థర్మోస్టాట్ 75 ఫారన్‌హీట్‌లో పెట్టినా గరాజ్ పైనున్న బెడ్‌రూమ్ వెచ్చబడటం లేదు. ఇంటికి వచ్చిన సేల్స్‌మన్ కిటికీలన్నీ మార్చడానికి 22,000 డాలర్ల కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ 80 శాతం రకం, అంటే కాలిన గ్యాస్‌లో 80 శాతమే వేడిగా ఇంట్లోకి వస్తుంది, బాగానే పనిచేస్తోంది. వచ్చే డిసెంబరుకి గుంటూరు నుంచి మీ అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. కిటికీలు మార్చాలా, ఫర్నేస్ మార్చాలా, రూముకో స్పేస్ హీటర్ కొనాలా అని మీ ప్రశ్న.

నా సమాధానం: మూడూ ఇప్పుడు వద్దు. ముందు ఇంట్లోంచి గాలి కారిపోతున్న కన్నాలు మూయించండి, తర్వాత యాటిక్‌లో, అంటే పైకప్పుకీ పై అంతస్తు సీలింగ్‌కీ మధ్య ఉన్న ఖాళీలో, ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేయించండి, ఆ తర్వాత గదులకి వేడిగాలి తెచ్చే గొట్టాలు, డక్టులు చూడండి. ఫర్నేస్ దానంతటది పాడయ్యాక మార్చండి. కిటికీలు అన్నిటికంటే చివర. నేను ఈ సబర్బుల్లో ఇళ్ళ ఎనర్జీ ఆడిట్లు చేస్తుంటాను. మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ వరుస తలకిందులు కావడమే ఎక్కువగా చూస్తుంటాను, ఎందుకంటే కిటికీలు అమ్మేవాళ్ళు తలుపు తట్టి వస్తారు, యాటిక్ కన్నాలు మూసేవాళ్ళు మనం పిలిస్తే తప్ప రారు.

ఊరికే చెబితే నమ్మబుద్ధి కాదు కాబట్టి మీ ఇంటి లెక్కే వేద్దాం. జూలైలో కాలిన 22 థర్ములు వేడినీళ్ళకి, వంటకి, డ్రయ్యర్‌కి. అది జనవరి 210లోంచి తీసేస్తే ఇల్లు వెచ్చబెట్టడానికి 188 థర్ములు. దీన్ని చలితో భాగించాలి. ఇక్కడ చలిని డిగ్రీ-డేలలో కొలుస్తారు. రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారన్‌హీట్ కంటే ఎన్ని డిగ్రీలు తగ్గితే ఆ రోజుకి అన్ని డిగ్రీ-డేలు. సగటు 25 ఉంటే ఆ రోజు 40. చికాగోలో మామూలు జనవరికి సుమారు 1,250, ఏడాది మొత్తానికి సుమారు 6,300 వస్తాయి. 188ని 1,250తో భాగిస్తే డిగ్రీ-డేకి 0.15 థర్ము. ఈ 0.15 రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది పనులన్నీ చేయించాక బిల్లు డాలర్లు పోల్చకండి, ఈ సంఖ్యను పోల్చండి. గ్యాస్ ధర మారినా, చలి తక్కువగా ఉన్నా ఇది మోసం చేయదు. ఈ లెక్కన ఏడాదికి మీ ఇంటి వేడికి పట్టే గ్యాస్ 945 థర్ముల దాకా.

ఇప్పుడు కిటికీలు. మీవి పాతవే అయినా రెండు అద్దాలవి అని రాశారు. అలాంటి కిటికీకి వేడిని వదిలే యూ-విలువ 0.5 దగ్గర ఉంటుంది, కొత్త మంచి కిటికీకి 0.27 దగ్గర. ఇలాంటి ఇంటికి కిటికీల మొత్తం వైశాల్యం 250 చదరపు అడుగులు అనుకుందాం. తేడా 0.23ని 250తో, 24 గంటలతో, 6,300తో గుణిస్తే సుమారు 87 లక్షల బీటీయూలు (ఇదీ వేడి కొలతే, లక్షకి ఒక థర్ము), అంటే 87 థర్ములు. మీ ఫర్నేస్ 80 శాతమే కాబట్టి మీటర్ దగ్గర అది 109 థర్ములవుతుంది. స్థిర చార్జీలు పోగా థర్ముకి డాలరు వేసుకుంటే ఏడాదికి మిగిలేది 109 డాలర్లు. 22,000 డాలర్లు తిరిగి రావడానికి 200 ఏళ్ళు పడుతుంది. అద్దాల మధ్య పొగమంచు పట్టినా, చెక్క కుళ్ళినా, తలుపు మూసుకోకపోయినా ఆ కిటికీ వరకు మార్చుకోండి. బిల్లు కోసం మాత్రం మార్చకండి.

యాటిక్ చూద్దాం. 1978 ఇళ్ళలో నేను ఎక్కువగా చూసేది నాలుగైదు అంగుళాల పాత ఫైబర్‌గ్లాస్, అదీ అణిగిపోయి ఉంటుంది. దాని విలువ ఆర్-13 అనుకుందాం, ఆర్ సంఖ్య పెరిగేకొద్దీ వేడిని అంత బాగా ఆపుతుంది. ఈ చలికి పైకప్పు కింద ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలని అంటారు. మీ యాటిక్ 1,100 చదరపు అడుగులు ఉంటుంది. ఆర్-13 నుంచి ఆర్-49కి వెళితే ఇదే పద్ధతిలో ఏడాదికి 117 థర్ములు మిగులుతాయి. కిటికీలతో వచ్చేదానికంటే కాస్త ఎక్కువే. ఖర్చు మాత్రం రెండు మూడు వేల డాలర్లు, గ్యాస్ కంపెనీ రిబేట్ ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఇక గాలి లీకులు. మీ ఇంట్లో గాలి పరిమాణం సుమారు 18,000 ఘనపు అడుగులు. సందుల్లోంచి గంటకు ఆ గాలిలో 60 శాతం మారిపోతోందనుకోండి, ఇలాంటి ఇంటికి అది పెద్ద విశేషం కాదు. దాన్ని 40 శాతానికి దించితే ఏడాదికి 120 థర్ముల పైనే మిగులుతుంది. ఆ కన్నాలు మూసే పని మీరే చేసుకుంటే సామాను వంద, రెండు వందల డాలర్లలో వస్తుంది. మూడు పనులకీ మిగిలేది దాదాపు సమానం, ఖర్చులు చూడండి ఎక్కడెక్కడున్నాయో.

లీకుల విషయంలో చాలామంది కిటికీ సందులు, తలుపు సందులు మాత్రమే చూస్తారు. అసలు దొంగ పైన ఉంటాడు. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. పై అంతస్తు సీలింగ్‌లో ఉన్న ప్రతి కన్నంలోంచి యాటిక్‌లోకి దూరి బయటికి పోతుంది. పోయినంత గాలి ఎక్కడినుంచో రావాలి కదా, బేస్‌మెంట్ దగ్గర సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది. మీరు హాల్లో కూర్చున్నప్పుడు కాళ్ళకి తగిలే చలికి కారణం చాలాసార్లు యాటిక్‌లో ఉంటుంది. అందుకే పైన మూస్తే కింద వెచ్చబడుతుంది.

యాటిక్‌లో చూడాల్సిన చోట్లు: ప్లంబింగ్ వెంట్ పైపు సీలింగ్ దాటే చోటు, బాత్‌రూమ్ ఫ్యాన్ల చుట్టూ, సీలింగ్‌లోకి దించిన గుండ్రటి లైట్లు, కరెంటు వైర్ల కన్నాలు, గోడల పైచెక్క అంచులు, అన్నిటికీ మించి యాటిక్ మూత. ఆ మూత ఒట్టి ప్లైవుడ్ ముక్కగా ఉంటుంది, దాని మీద ఇన్సులేషన్ ఉండదు, అంచుకి రబ్బరు పట్టీ ఉండదు. చలికాలమంతా అక్కడ ఒక కిటికీ తెరిచి పెట్టినంత పని జరుగుతుంది. మూత మీద రెండు మూడు అంగుళాల ఫోమ్ బోర్డు అంటించి, అంచుకి వెదర్‌స్ట్రిప్ వేస్తే ఒక మధ్యాహ్నం పని. ఫర్నేస్ పొగ గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని మాత్రం మామూలు ఫోమ్‌తో మూయకండి. అది వేడెక్కుతుంది, నిప్పు ప్రమాదం. అక్కడ రేకు, మంటకు తట్టుకునే సీలెంట్ వాడాలి, తెలిసినవాళ్ళతో చేయించండి. పాత గుండ్రటి లైట్లలో ఇన్సులేషన్ తగలకూడని రకం కూడా ఉంటుంది, లైటు మీద ఐసీ అనే గుర్తు లేకపోతే మీదుగా ఏమీ కప్పకండి.

ఇంకో జాగ్రత్త. యాటిక్‌లో బూడిద రంగులోనో బంగారు రంగులోనో మెరిసే చిన్న గులకరాళ్ళలాంటి ఇన్సులేషన్ కనిపిస్తే తాకకుండా కిందికి దిగిపోండి. అది వర్మికులైట్. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన రకంలో ఆస్‌బెస్టాస్ ఉంది. పరీక్ష చేయించకుండా కదపకూడదు.

బేస్‌మెంట్‌లో చూడాల్సింది రిమ్ జాయిస్ట్, అంటే కాంక్రీట్ గోడ అయిపోయి చెక్క మొదలయ్యే చోటు. చలిరోజున అక్కడ చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. రెండంగుళాల ఫోమ్ బోర్డుని గడులకు సరిపోయేలా కోసి పెట్టి చుట్టూ క్యాన్ ఫోమ్ కొట్టాలి. పని సులువే, ఓపిక కావాలి.

లీకులు వెతకడానికి మన ఇళ్ళలో మంచి సాధనం ఉంది, అగరుబత్తి. గాలి ఉన్న చలిరోజు చూసుకుని ఫర్నేస్ ఆపండి, గ్యాస్ వాటర్ హీటర్‌ని పైలట్‌కి, అంటే చిన్న మంట మాత్రమే ఉండేలా, తిప్పండి, బాత్‌రూమ్ ఫ్యాన్లు, కిచెన్ చిమ్నీ ఫ్యాన్ అన్నీ వేయండి. ఇల్లంతా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. అగరుబత్తి పట్టుకుని స్విచ్ బోర్డులు, బేస్‌బోర్డులు, తలుపుల అంచులు, పైపులు గోడలోకి వెళ్ళే చోట్లు తిరగండి. పొగ ఎక్కడ పక్కకి వంగితే అక్కడ కన్నం ఉన్నట్టు. కర్టెన్లకి దూరంగా పట్టుకోండి. పని అయ్యాక వాటర్ హీటర్‌ని మళ్ళీ మామూలుకి తిప్పడం మరిచిపోవద్దు, లేకపోతే పొద్దున్న చన్నీళ్ళ స్నానం.

దీన్నే పద్ధతిగా చేసేది బ్లోయర్ డోర్ టెస్ట్. ముఖద్వారానికి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంటిని 50 పాస్కళ్ళ ఒత్తిడి తేడాలో పెట్టి ఎంత గాలి కారుతుందో కొలుస్తారు. ఈ ప్రాంతపు గ్యాస్, కరెంటు కంపెనీలు ఆడిట్లకి, ఇన్సులేషన్‌కి రిబేట్లు ఇస్తుంటాయి, వివరాలు ఏటా మారతాయి కాబట్టి వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. పని మొదలుపెట్టకముందే అప్లై చేయాలా, వాళ్ళ జాబితాలోని కాంట్రాక్టర్‌నే పెట్టుకోవాలా అన్నది ముందు కనుక్కోండి. మన ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్న 1,200 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ మాట నమ్మకండి. 2025 డిసెంబరు 31 తర్వాత పెట్టించిన వాటికి అది లేదు.

యాటిక్ ఎక్కకుండానే ఒక పరీక్ష చెప్తాను. మంచు కురిసిన మర్నాడు రోడ్డు మీద నిలబడి మీ పైకప్పు, పక్కింటి పైకప్పు పోల్చండి. మీ కప్పు మీద మంచు ముందే కరిగిపోయి, చూరుకి బారెడు ఐసు కడ్డీలు వేలాడుతుంటే మీ గ్యాస్ డబ్బులు అక్కడ కరుగుతున్నాయని అర్థం. పిల్లలు ఫొటోలు దిగడానికి బాగుంటాయి గానీ ఆ ఐసు చూరు దగ్గర అడ్డుకట్ట కట్టి నీళ్ళని షింగిల్స్ కిందికి పంపిస్తుంది, సీలింగ్ మీద మరకలు పడతాయి.

గరాజ్ పైనున్న బెడ్‌రూమ్ సంగతి వేరే. ఆ గదికి మూడు వైపులా చలి, కిందా చలే. గరాజ్ సీలింగ్‌లో ఇన్సులేషన్ పెట్టి ఉంటారు గానీ అది జారిపోయి, ఫ్లోర్‌కి అంటకుండా మధ్యలో ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉంటే ఆ ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే. పైగా ఆ గదికి వెళ్ళే డక్టు గరాజ్ సీలింగ్‌లోంచి పోతుంది, దారిలోనే చల్లబడుతుంది. ఆ సీలింగ్‌ని సెల్యులోజ్ అనే కాగితపు పీచు ఇన్సులేషన్‌తో బిగుతుగా నింపించడం, డక్టు కీళ్ళకి మాస్టిక్ అనే చిక్కటి సీలెంట్ పూయించడం అసలు మందు. డక్టులకి గుడ్డ డక్ట్ టేప్ వేయకండి. పేరు అదే అయినా ఆ పనికి అది నిలవదు, కొన్నాళ్ళకి ఊడి వేలాడుతుంది. మాస్టిక్ గానీ, యూఎల్ 181 అని రాసి ఉన్న ఫాయిల్ టేప్ గానీ వాడాలి. ఆ పని అయ్యేదాకా అత్తయ్యగారికి, మామయ్యగారికి ఆ గది ఇవ్వకండి. దక్షిణం వైపు కిటికీ ఉన్న గది ఉంటే అదివ్వండి, పగలు ఎండ పడుతుంది.

ఆ గదికి వేడి ఎక్కువ రావాలని మిగతా గదుల్లో వెంట్లు మూసేయమని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. వద్దు. డక్టుల్లో ఒత్తిడి పెరిగి సందుల్లోంచి ఇంకా ఎక్కువ కారుతుంది. మరీ ఎక్కువ మూస్తే ఫర్నేస్ వేడెక్కి ఆగిపోతుంది కూడా. దానికి బదులు బేస్‌మెంట్‌లో డక్టుల మీద చిన్న పిడులుంటాయి, డ్యాంపర్లు. వాటిని కొంచెం కొంచెం తిప్పి సర్దుకోవచ్చు. గాలి వెనక్కి వెళ్ళే రిటర్న్ గ్రిల్ ముందు సోఫా గానీ, దేవుడి మందిరం గానీ పెట్టలేదు కదా చూడండి. ఇది నవ్వులాటకి అనడం లేదు, తూర్పు గోడ ఖాళీగా ఉందని మందిరాన్ని సరిగ్గా రిటర్న్ ముందు పెట్టిన ఇళ్ళు చూశాను. ఫిల్టర్ కూడా నెలకోసారి తీసి చూడండి. చాలా దట్టమైన ఫిల్టర్ పెడితే గాలి ఆడదు, ఎంత సన్నటి దుమ్ము పట్టుకుంటుందో చెప్పే మెర్వ్ సంఖ్య 8 నుంచి 11 ఉంటే చాలు.

థర్మోస్టాట్ గురించి ఇంట్లో గొడవలు అవుతున్నాయని రాశారు, అవి లేని ఇల్లు లేదు. రెండు విషయాలు తేల్చేస్తాను. మీ ఫర్నేస్ ఒకే వేగంతో కాలే రకం, కాబట్టి 80లో పెడితే త్వరగా వేడెక్కదు, ఎక్కువసేపు కాలుతుంది, అంతే. రెండోది, రాత్రి తగ్గించి పొద్దున్న పెంచితే ఎక్కువ గ్యాస్ కాలుతుందన్నది నిజం కాదు. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ బయటికి పోయే వేడి తక్కువ. అమెరికా ఇంధన శాఖ చెప్పేదేమిటంటే రోజుకి 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా. మెలకువగా ఉన్నప్పుడు 68 చాలంటుంది, అంటే మన లెక్కలో 20 సెల్సియస్. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకి 68 అంటే మొదటి ఏడాది కష్టమే, ఒప్పుకుంటాను. మీరు 75లోంచి 70కి రండి. రోజంతా తగ్గించిన ఒక్కో డిగ్రీకి సుమారు 3 శాతం లెక్కన 15 శాతం తగ్గుతుంది. లీకులు మూసి, యాటిక్ పని అయ్యాక 70 ఇప్పటి 74లా అనిపిస్తుంది. ఒంటికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడల, అద్దాల చల్లదనం కూడా, కాళ్ళ దగ్గర పారే గాలి కూడా. పైన వేసిన లెక్కలన్నీ కలిపితే మీ 945 థర్ముల్లో మూడో వంతు తగ్గడం సాధ్యమే.

స్పేస్ హీటర్ల లెక్క చాలామందికి తప్పుతుంది. 1,500 వాట్ల హీటర్ గంటకు ఒకటిన్నర యూనిట్ తింటుంది. యూనిట్‌కి 17 సెంట్లు అనుకుంటే గంటకు 25 సెంట్లు. అంతే వేడి మీ పాత ఫర్నేస్ ఇస్తే ఆరున్నర సెంట్ల గ్యాస్. నాలుగు రెట్ల తేడా. బాక్సు మీద ఇంధనం ఆదా అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మారదు, కరెంటు హీటర్లన్నీ ఒకటే, 20 డాలర్లదైనా 200 డాలర్లదైనా. రాత్రి 8 గంటలు థర్మోస్టాట్ తగ్గించి, ఒక గదిలో హీటర్ సగం సమయం కాలిందనుకోండి, 6 యూనిట్లు, డాలరు పైచిలుకు. నెలకి 30 డాలర్లు. తగ్గించినందుకు మిగిలే గ్యాస్ జనవరిలో కూడా 20 డాలర్ల లోపే. అంటే చేతి నుంచి పడుతుంది. స్పేస్ హీటర్ లాభమయ్యేది ఒక్కరే ఇంట్లో ఉండి, పగలంతా ఒకే గదిలో పనిచేస్తూ, మిగతా ఇల్లంతా బాగా తగ్గించేసినప్పుడే.

దానికి బదులు పరుపు మీద పరిచే హీటెడ్ ప్యాడ్ కొనండి. 80 వాట్లు వేసుకున్నా రాత్రంతా కలిపి 11 సెంట్లు, నెలకి మూడు డాలర్ల చిల్లర. గది 64లో ఉన్నా పెద్దవాళ్ళు హాయిగా పడుకుంటారు. మామయ్యగారికి షుగర్ వల్ల పాదాల్లో తిమ్మిర్లుంటే మాత్రం డాక్టర్‌ని అడగండి, వేడి తెలియక చర్మం కాలే అవకాశం ఉంటుంది. అలాంటప్పుడు పడుకునేముందు పరుపు వేడి చేసి, పడుకున్నాక ఆపేయడం మేలు. చంటిపిల్లలకి ప్యాడ్లు, వదులు దుప్పట్లు వద్దు, స్లీప్ శాక్ చాలు.

మన పెద్దవాళ్ళ విషయంలో ఇంకో మాట. ఇంట్లో చెప్పులు వేసుకోవడం మనకి అలవాటు లేదు, అందుకే ఒట్టి కాళ్ళతో హార్డ్‌వుడ్ మీద తిరిగి చలి చలి అంటారు, మనం థర్మోస్టాట్ పెంచుతాం. ఇంట్లోకి మాత్రమే అని విడిగా మెత్తటి చెప్పులు, ఊలు సాక్సులు, లోపల థర్మల్స్ వాళ్ళు దిగిన రోజే ఇచ్చేయండి. అత్తయ్యగారు చీర కిందికి థర్మల్ లెగ్గింగ్స్ మొదట్లో వద్దంటారు, రెండో రోజు ఆవిడే అడుగుతారు. వాళ్ళు టీవీ చూసే కుర్చీ పెద్ద కిటికీ పక్కనుంటే లోపలి గోడ వైపు జరపండి, ఖర్చు లేని పని. అలాగని వాళ్ళు పగలు కూర్చునే చోటు 68 కంటే కిందికి దించకండి. వయసు మీద పడ్డాక ఒంట్లో వేడి తగ్గుతున్న సంగతి వాళ్ళకే తెలియదు.

ఇక వంటగది. మనం పోపులు, వేపుళ్ళు, కుక్కర్ కూతల మనుషులం. చిమ్నీ ఫ్యాన్ నిమిషానికి 300 ఘనపు అడుగులు లాగేదైతే గంటలో 18,000 ఘనపు అడుగులు, అంటే మీ ఇంట్లో ఉన్న వెచ్చటి గాలంతా ఒకసారి బయటికి పోయినట్టు. ఖర్చు గంటకు 18 సెంట్ల దాకా. అందుకని ఫ్యాన్ మానేయకండి, పొగ, తేమ బయటికి పోవాలి. వంట అయ్యాక పది పదిహేను నిమిషాలకి ఆపేయండి, సాయంత్రమంతా వదిలేయకండి. నాకు డబ్బు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకోటి. పెద్ద ఫ్యాన్ ఇంటి గాలిని లాగేస్తుంటే బేస్‌మెంట్‌లోని పాతరకం గ్యాస్ వాటర్ హీటర్ పొగ గొట్టంలోంచి పైకి పోకుండా వెనక్కి ఇంట్లోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి వాసన లేదు. ఇల్లు బిగుతు చేసేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే కన్నాలు మూసే పని అయ్యాక దహన భద్రత పరీక్ష చేయమని కాంట్రాక్టర్‌ని తప్పకుండా అడగండి. చేయనన్నవాడు మీకు వద్దు. ఇల్లినాయ్‌లో ప్రతి పడకగదికి 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని చట్టమే ఉంది, మీ వాటి తేదీలు చూడండి, పాతబడితే పనిచేయవు. ఒవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబెట్టడం, గరాజ్‌లో షట్టర్ వేసుకుని ప్రొపేన్ పొయ్యి మీద వండటం, ఈ రెండూ ఎంత చలైనా వద్దు. గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి నాలుగు వైపులా పట్టీ ఉందా చూడండి.

కిటికీ అద్దాల మీద పొద్దున్నే నీళ్ళు కారుతున్నాయంటే ఇంట్లో తేమ ఎక్కువైందని అర్థం. 30 నుంచి 35 శాతం చాలు, బయట సున్నా ఫారన్‌హీట్‌కి పడితే 25కి దించండి. బట్టలు లోపల ఆరేయడం, అన్నం ఆవిరి, స్నానాలు, ఫర్నేస్‌కి ఉన్న, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్, అన్నీ కలుస్తాయి. పది డాలర్ల తేమ మీటర్ ఒకటి కొనుక్కోండి. చల్లగా తగిలే కిటికీలకి ఈ చలికాలానికి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించే ప్లాస్టిక్ ఫిల్మ్ వేయండి. చూడ్డానికి గొప్పగా ఉండదు, పనిచేస్తుంది.

ఫర్నేస్ మార్చాల్సిన రోజు వస్తుంది. 80 నుంచి 96 శాతానికి వెళితే ఆరో వంతు గ్యాస్ తగ్గుతుంది, మీకు ఏడాదికి 158 డాలర్ల దాకా. ఐదారు వేలు పెట్టి బాగున్నదాన్ని తీసేయడానికి అది చాలదు. పాడయ్యాక మాత్రం 96నే పెట్టించండి, పాతదాని సైజే మళ్ళీ పెడతానంటే ఒప్పుకోకుండా ఇంటి వేడి లెక్క, మాన్యువల్ జే అంటారు, కట్టమనండి. ఇన్సులేషన్ పని ముందు చేయిస్తే చిన్న ఫర్నేస్ సరిపోతుంది, ఇదీ వరుస మార్చకూడదనడానికి ఒక కారణం. కొత్తది ప్లాస్టిక్ పైపులోంచి పక్కకి పొగ వదులుతుంది. అప్పుడు పాత చిమ్నీలో వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది, ఆ పెద్ద గొట్టం దానికి ఎక్కువై పొగ సరిగా లాగదు. కొటేషన్‌లో చిమ్నీ లైనర్ (లోపల దించే సన్నటి గొట్టం) ఉందో లేదో చూడండి. బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంప్ గురించి కూడా అడిగారు. ఇక్కడి గ్యాస్, కరెంటు ధరలకి అది గ్యాస్‌తో సమానం కావాలంటే ఒక యూనిట్ కరెంటుకి నాలుగు యూనిట్ల వేడి ఇవ్వాలి, చికాగో జనవరిలో అంత రాదు. ప్రొపేన్‌తోనో, కరెంటు బేస్‌బోర్డులతోనో వెచ్చబెట్టుకునేవాళ్ళకి మాత్రం హీట్ పంప్ మంచి లాభం.

ఇంటికొచ్చి మీ గ్యాస్ బిల్లు ఒకసారి చూపించండి, తక్కువ రేటు ఇస్తాం అనేవాళ్ళు ఈ నెలల్లో బాగా తిరుగుతారు. బిల్లు చూపించకండి, అందులోని అకౌంట్ నంబర్‌తోనే మిమ్మల్ని వేరే సప్లయర్‌కి మార్చేస్తారు. ఇల్లినాయ్‌లో గ్యాస్ కంపెనీ తను కొన్న ధరకే గ్యాస్‌ని మనకి ఇస్తుంది, దాని మీద లాభం వేసుకోదు. బయటి సప్లయర్‌కి ఆ నిబంధన లేదు. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, 1983లో రాష్ట్ర శాసనసభ ఏర్పాటు చేసిన సిటిజెన్స్ యుటిలిటీ బోర్డు అనే వినియోగదారుల సంస్థ ఉంది, వాళ్ళు ఉచితంగా సలహా ఇస్తారు. జనవరి బిల్లు ఒక్కసారిగా మీద పడకుండా పన్నెండు నెలలకీ సమానంగా పంచే బడ్జెట్ ప్లాన్ తీసుకోవచ్చు. దానివల్ల ఖర్చు తగ్గదు, ఎంత కాలుతోందన్నది మాత్రం కళ్ళకి కనపడకుండా పోతుంది, కాబట్టి థర్ముల గడి చూస్తూ ఉండండి.

కింద కామెంట్లలో ఇద్దరు స్టూడెంట్లు అపార్ట్‌మెంట్ల గురించి అడిగారు. మీరు చికాగో సిటీలో ఉండి హీటింగ్ ఓనర్ చేతిలో ఉంటే, సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా పగలు ఎనిమిదిన్నర నుంచి రాత్రి పదిన్నర వరకు 68, రాత్రి 66 ఉంచడం ఓనర్ బాధ్యత. తక్కువుంటే థర్మామీటర్ ఫొటో తీసి సిటీ ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. బిల్లు మీదే అయితే ప్లాస్టిక్ ఫిల్మ్, తలుపు కింద సందు మూసే పట్టీ (స్వీప్), హీటెడ్ ప్యాడ్, ఈ మూడింటితో మొదలుపెట్టండి. స్పేస్ హీటర్ తప్పదనుకుంటే నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, చుట్టూ మూడడుగుల్లో పరుపు, బట్టలు ఉండకూడదు.

చివరిగా, ఆ తర్వాతి ఏడాది సంక్రాంతికి ఇండియా వెళ్దామనుకుంటున్నామని రాశారు కాబట్టి. ఇక్కడ 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారన్‌హీట్‌కి పడింది, అంటే మైనస్ 31 సెల్సియస్. అలాంటి రాత్రి డబ్బు మిగులుతుందని హీటింగ్ ఆపేసి ఊరెళితే పైపులు పగిలి తిరిగొచ్చేసరికి బేస్‌మెంట్ చెరువవుతుంది. 55 కంటే తగ్గించకండి. నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు ఒకసారి తెరిచి ఖాళీ చేయండి, సింకు కింద తలుపులు తెరిచి ఉంచండి, తాళం ఒకటి పక్కింటివాళ్ళకి ఇచ్చి రెండు రోజులకోసారి లోపలికి వెళ్ళి చూడమనండి. హ్యుమిడిఫయర్‌కి వెళ్ళే నీళ్ళు కూడా కట్టేయాలి, దాన్ని అందరూ మరిచిపోతారు.

బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించుకుంటే రిపోర్టులో సీఎఫ్ఎం 50 అని ఒక సంఖ్య ఉంటుంది, అంటే 50 పాస్కళ్ళ దగ్గర నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి కారుతోందో. అదీ, యాటిక్ ఇన్సులేషన్ ఎన్ని అంగుళాలుందో స్కేలు పెట్టి తీసిన ఫొటో ఒకటీ ఇక్కడ పెట్టండి. కాంట్రాక్టర్ కొటేషన్లు వచ్చాక ఏది సరైనదో చూసి చెప్తాను.